అమ్మ కూర్చునే కిటికీ



2022 డిసెంబరు, క్రిస్మసుకు ఇంక మూడు రోజులే ఉన్నది. యువకులతో కలిసి మందిరానికి రంగు కాగితాలు కట్టించి అప్పుడే ఇంటికి వచ్చాను. ఫోను మోగింది. అమెరికా నుంచి మా అమ్మ.

"ఒరే పెద్దోడా, ఈ కిటికీకి లోపల మంచు కట్టిందిరా. బయట కాదు, లోపల. గోరుతో గీకితే పొడి రాలుతోంది. ఇక్కడ నా వల్ల కాదు. నన్ను ఇంటికి తీసుకుపో నాయనా" అన్నది.

మా అమ్మ ఆ మాట ఊరికే అనే మనిషి కాదు. రేపల్లె దగ్గర మా పల్లెలో నలభై యేళ్లు నాట్లు వేసింది, కలుపు తీసింది, తుఫానుల్లో పెంకులు ఎగిరిపోయిన ఇంట్లో మమ్మల్ని చాప కింద దాచి పెంచింది. నాన్న పోయిన తరువాత ఒంటరిగా ఉండలేదని మా చెల్లెలు తన దగ్గరకు పిలిపించుకున్నది. చెల్లెలు మిన్నెసోటా రాష్ట్రంలో మిన్నియాపోలిస్ నగరం శివారున ఉంటుంది, వృద్ధుల ఆసుపత్రిలో నర్సు. ఆ ప్రాంతపు చలి ఎంతటిదో మన పక్క ఊహించడం కష్టం. 2019 జనవరి 30న అక్కడ సున్నాకు దిగువన 33 డిగ్రీలు నమోదైంది. అమ్మ ఫోను చేసిన ఆ వారం కూడా దిగువన 20 దాటింది.

మన సంఘాలలో ఇప్పుడు చలి దేశాలలో పిల్లలు లేని ఊరు అరుదు. కెనడాకు, ఇంగ్లండుకు, జర్మనీకి నర్సులుగా, విద్యార్థులుగా వెళ్తున్నారు, కొన్నాళ్లకు ఇల్లు కొంటున్నారు, ఆ తరువాత తల్లిదండ్రులను పిలుచుకుంటున్నారు. అందుకే మా ఇంటి సంగతి కాస్త వివరంగా వ్రాస్తున్నాను. కిటికీ గురించి ఒక పాస్టరు ఇంత వ్రాయాలా అని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. నేనూ మొదట నవ్వినవాడినే.

2023 వేసవిలో చెల్లెలు టిక్కెట్టు పంపితే రెండు నెలలు సెలవు పెట్టి వెళ్లాను. వారిది 1950లలో కట్టిన చెక్క ఇల్లు. మునుపటి యజమాని ముందు వసారాను మూసి గదిగా మార్చుకున్నాడు. ఇంట్లో వేరే గది ఉన్నా అమ్మ ఈ వసారా గదినే కోరుకున్నది. కారణం నాకు అడగకుండానే తెలుసు. మా ఊళ్లో సాయంత్రమయ్యేసరికి నులక మంచం వాకిట్లో వేసుకుని వచ్చేపోయేవారిని పలకరించడం ఆమెకు అలవాటు. ఇక్కడ పలకరించడానికి ఎవరూ లేకపోయినా కనీసం రోడ్డు కనిపిస్తుంది.

ఆ గదికి దక్షిణం వైపు మూడు కిటికీలు, పడమర వైపు ఒకటి. నాలుగూ అల్యూమినియం చట్రంలో పక్కకు జరిపే ఒంటి అద్దాలు. చలికాలంలో చెల్లెలు వాటి మీద పలచని ప్లాస్టిక్ కాగితం అంటించి, జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వేడి గాలి కొట్టి బిగుతుగా లాగిందట. అది తక్కువ ఖర్చుతో కొంత పని చేసే ఉపాయమే. అయితే రోడ్డు మసకబారిపోయింది. "గోనెపట్టా కట్టిన గొడ్లపాకలో కూర్చున్నట్టుంది" అన్నదట అమ్మ. ఒక మూల చించి బయటకు చూసేది. ఆ చించిన చోటే మంచు కట్టింది.

నేను వెళ్లింది జూలైలో గనుక మంచు లేదు. దాని గుర్తులు మాత్రం ఉన్నాయి. కిటికీ కింది చెక్క వేలితో నొక్కితే మెత్తగా దిగిపోతున్నది. మూలల్లో నల్లని బూజు. ఆ చలికాలమంతా అమ్మకు దగ్గు తగ్గలేదని చెల్లెలు చెప్పింది.

ఇంతకూ గోడలు వెచ్చగా ఉండి, కొలిమి రాత్రింబవళ్లు మండుతూ, గదిలో 21 డిగ్రీలు చూపిస్తూ ఉండగా మనిషికి చలి ఎందుకు వేస్తుంది? అద్దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి కిందికి జారి, నేల మీదుగా పాదాలకు తగులుతుంది. ఎక్కడో సందున్నదని వెతుకుతాం, సందు లేకపోయినా ఆ గాలి వస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉన్నది. వేసవి రాత్రి డాబా మీద పడుకుంటే తెల్లవారుజాముకు దుప్పటి కప్పుకోవలసి వస్తుంది కదా. గాలి చల్లబడడం ఒక్కటే కాదు, మన ఒంటి వేడిని ఆకాశం లాగేసుకుంటుంది. చల్లని అద్దం పక్కన కూర్చున్నా అదే జరుగుతుంది. ఇక అద్దానికి నీరు పట్టడం మంచినీళ్ల లోటాకు చెమట పట్టడం లాంటిదే. మనవాళ్ల ఇళ్లలో అది మరీ ఎక్కువ. అన్నం, ఇడ్లీ, స్నానానికి మరిగే నీళ్లు, పైగా అమ్మ తన చీరలను ఆ గదిలోనే ఆరేసేది. ఆ ఆవిరంతా వెళ్లి ఒంటి అద్దానికి పట్టుకునేది.

లెక్క ఇలా ఉంటుంది. బయట సున్నాకు దిగువన 25, గదిలో 21 అనుకోండి. ఒంటి అద్దం లోపలి ముఖం సుమారుగా సున్నాకు దిగువన 10 దాకా పోతుంది. పూత లేని జంట అద్దమైతే 5 దగ్గర ఆగుతుంది. పూత వేసి మధ్యలో ఆర్గాన్ వాయువు నింపిన జంట అద్దం 11, 12 దగ్గర ఉంటుంది. మూడు అద్దాలదైతే 15 దాకా నిలుస్తుంది. అమ్మ మోచేయి ఆనించుకునే చోట ఈ తేడా ఎంతటిదో చెప్పనక్కరలేదు.

ఆర్గాన్ అంటే భయపడేదేమీ లేదు. మనం పీల్చే గాలిలోనే నూటికి ఒక వంతు దాకా ఉన్నది. మామూలు గాలి మోసుకుపోయే వేడిలో మూడింట రెండు వంతులే మోస్తుంది. పూత సంగతి టీ ఫ్లాస్కు చూస్తే తెలుస్తుంది. లోపలి గాజుకు వెండి పూత ఉంటుంది కదా, వేడిని తిరిగి లోపలికే పంపడానికి. కిటికీ అద్దానికి వేసేదీ దాదాపు అలాంటి పూతే. కాకపోతే కంటికి కనపడనంత పలచగా ఉంటుంది, వెలుతురు పోతూనే ఉంటుంది. దానిని లో-ఈ పూత అంటారు.

నేను వెళ్లిన రెండవ వారంలో కిటికీలు అమ్మే మనిషి ఒకడు ఇంటికి వచ్చాడు. ఏ కంపెనీయో చెప్పను. సాయంత్రం ఆరింటికి వచ్చినవాడు తొమ్మిది దాటినా లేవలేదు. ఇంటిలోని పదకొండు కిటికీలూ మార్చాలన్నాడు. ధర 31 వేల డాలర్లు. మా బావ ముఖం చూసి 27 అన్నాడు. ఎవరికో ఫోను చేసి వచ్చి, ఈ రాత్రి సంతకం పెడితేనే 22 అన్నాడు. రేపల్లె సంతలో ఎడ్ల బేరం చూసినవాడిని నేను. ఈ రాత్రికే అన్న మాట వినగానే నాకు లేచి పోవాలనిపించింది. కాని బావ చేతిలో అప్పటికే కలం ఉన్నది. అత్తగారు చలికి ఏడ్చిన ఇంట్లో అల్లుడిగా అతని బాధ అతనిది.

ఆ 22 వేలకు ఇంకొక కథ ఉన్నది. చెల్లీ బావా దాచిన డబ్బు 20 వేల డాలర్లు. అది మా ఊళ్లో నాన్న కట్టిన పెంకుటింటి పైకప్పు మార్చడం కోసం. దూలాలు చెదలు పట్టి ఉన్నాయి, ఇంకొక వర్షాకాలం నిలుస్తుందో లేదో. నేను మూడేళ్లకోసారి బదిలీ అయ్యేవాడిని, నాకు సొంత ఇల్లు లేదు. అమ్మ తిరిగి వస్తే ఉండేది ఆ ఇంటిలోనే. డబ్బు కిటికీలకు పెడితే అక్కడ పైకప్పు కూలుతుంది. పైకప్పుకు పెడితే ఇక్కడ అమ్మ ఇంకొక చలికాలం దగ్గుతుంది. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

ఆ అమ్మకందారు తన సంచిలో నుంచి ఒక వేడి దీపాన్ని, రెండు అద్దపు ముక్కలను తీశాడు. మామూలు అద్దం అడ్డుపెట్టి దీపం వెలిగించి, ఇటు చెయ్యి పెట్టమన్నాడు. చురుక్కుమన్నది. తన కంపెనీ అద్దం పెట్టాడు. వేడి తగలలేదు. మేమంతా ఆశ్చర్యపోయాం. అమ్మ కూడా చెయ్యి పెట్టి చూసింది. తరువాత నెమ్మదిగా అడిగింది: "మరి ఎండ కూడా ఇట్లాగే ఆగిపోతుందా అబ్బాయి?"

మేనల్లుడు ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాడు. అవును, అదే దీని గొప్ప, సోఫాల రంగు వెలిసిపోదు అన్నాడు అతను సంబరంగా.

"చలికాలం ఆ కాస్త ఎండే కదయ్యా నాకున్నది. అది కూడా ఆపేస్తే ఎట్లా?" అన్నది అమ్మ.

బావ కలం కింద పెట్టాడు. ఏడవ తరగతి మించి చదవని మా అమ్మ ఆ రాత్రి అడిగిన ప్రశ్న మీదే మిగిలిన కథంతా నడిచింది.

మరునాటి నుంచి బావా నేనూ దుకాణాలు తిరిగాం. అక్కడ అమ్మకానికి పెట్టిన కిటికీల మీద ఒక చీటీ అంటించి ఉంటుంది. నేషనల్ ఫెనెస్ట్రేషన్ రేటింగ్ కౌన్సిల్ అనే సంస్థ నిర్ణయించిన పద్ధతిలో కొలిచిన అంకెలు దానిమీద ఉంటాయి. మొదటిది యు-ఫ్యాక్టర్. కిటికీ గుండా వేడి ఎంత జారిపోతుందో చెబుతుంది, తక్కువైతే మంచిది. అమెరికా కొలతలో ఒంటి అద్దానికి 1 దాకా ఉంటుంది, మంచి మూడు అద్దాలదానికి 0.20 చుట్టుపక్కల ఉంటుంది. కెనడాలో, ఐరోపాలో మీటర్ల లెక్క గనుక అవే కిటికీలకు అంకె సుమారు ఐదున్నర రెట్లు పెద్దదిగా కనబడుతుంది. ఆ దేశాలలో ఉన్న పిల్లలు దానిని చూసి కంగారుపడకూడదు.

రెండవ అంకె అమ్మ అడిగినది. సోలార్ హీట్ గెయిన్ అంటారు. పడిన ఎండ వేడిలో ఎంత భాగం లోపలికి వస్తుందో చెబుతుంది. 0.20 అంటే అయిదో వంతు. ఆ అమ్మకందారు అద్దం అలాంటిదే. టెక్సాసులోనో మన విజయవాడలోనో అది బంగారం. మిన్నెసోటాలో దక్షిణం కిటికీకి మాత్రం ఎదురు దెబ్బ. అక్కడ డిసెంబరు 21న మధ్యాహ్నం కూడా సూర్యుడు 22 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. మా రేపల్లెలో ఆ రోజున 50 డిగ్రీలు ఎక్కుతాడు. "ఇక్కడ సూర్యుడు నడుం వంచుకుని నడుస్తాడురా" అని అమ్మ అన్నది ఇందుకే. అలా వంగి నడిచే సూర్యుడి ఎండ దక్షిణం కిటికీలో నుంచి గది అవతలి గోడ దాకా వస్తుంది. జూన్‌లో అదే సూర్యుడు 68 డిగ్రీలు ఎక్కుతాడు గనుక చూరు అడ్డుకుంటుంది. దక్షిణానికి ఎండ రానిచ్చే అద్దం కావాలి. పడమరకు వేసవి సాయంత్రపు ఎండను ఆపేది కావాలి. ఉత్తరానికి ఎండ ఎలాగూ రాదు, చలి ఆగితే చాలు. ఒకే ఇంటికి ఒకే అద్దం అన్నిచోట్లా బిగించడం అమ్మేవాడికి సుళువు, అంతే.

ప్రభుత్వపు ఎనర్జీ స్టార్ గుర్తు కూడా ఈ సంగతిని ఒప్పుకుంటుంది. 2023 అక్టోబరు 23 నుంచి ఉత్తర ప్రాంతాలకు యు-ఫ్యాక్టర్ 0.22 మించకూడదని నిబంధన మారింది, అంతకు ముందు 0.27 ఉండేది. అయితే అద్దం ఎండను బాగా రానిస్తే 0.26 దాకా సడలింపు ఇచ్చారు.

చీటీ మీద గాలి చొరబాటు అంకె కూడా ఉంటే చూడాలి, 0.3 కన్నా తక్కువ ఉండాలి. పక్కకు జరిపే కిటికీ సందు ఎంతైనా సందే. తలుపులా బయటకు తెరిచే కిటికీ మూసినప్పుడు రబ్బరును అదిమిపట్టి కూర్చుంటుంది. చట్రం విషయంలో అల్యూమినియం మాకు వద్దనిపించింది, వేడి గిన్నెకు ఇనుప పిడి లాంటిది అది. వినైల్ చవక, చెక్కకు అప్పుడప్పుడు రంగు కావాలి, ఫైబర్‌గ్లాసు ఖరీదు కాని చలికీ ఎండకీ పెద్దగా సాగదు, కుంచించుకుపోదు.

ఇంత తెలుసుకున్నాక కూడా పదకొండు కిటికీల మాట మమ్మల్ని వదలలేదు. గ్యాసు కంపెనీ తరపున ఇంటిని పరీక్షించే మనిషిని పిలిపించాము. అతను ముందు తలుపుకు గుడ్డ బిగించి, దానిలో పెద్ద ఫ్యాను పెట్టి ఇంటిలోని గాలిని బయటకు తోడాడు. అప్పుడు సందులన్నీ బయటపడ్డాయి. మేమూ ఒక కొవ్వొత్తి వెలిగించి వెంట తిరిగాం. కిటికీల దగ్గర మంట ఊగింది, నిజమే. అటక మూత దగ్గర మాత్రం ఆరిపోయింది! వేడి గాలి పైకి లేచి అటక సందుల్లోంచి పోతుంటే, ఆ ఖాళీని నింపడానికి కింద కిటికీల నుంచి చలిగాలి లోపలికి వస్తుందట. ముందు అటక మూసుకోండి, ఆ తరువాత కిటికీలు అన్నాడు. ఇళ్లను వేడి చేయడానికీ చల్లబరచడానికీ వాడే ఇంధనంలో 25 నుంచి 30 శాతం కిటికీల వల్ల అవుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. అది తక్కువేమీ కాదు. కాని గ్యాసు బిల్లులో మిగిలే సొమ్ముతో కొత్త కిటికీల ఖర్చు రాబట్టాలంటే చాలా యేళ్లు పడుతుంది. కిటికీ మార్చేది డబ్బు మిగలడానికి అని చెప్పేవారిని నేను నమ్మను. దాని పక్కన కూర్చునే మనిషి కోసం మార్చుకోవాలి.

అలా పదకొండు ఆరుకు దిగింది. అమ్మ గదిలో నాలుగు, ఉత్తరం వైపు పిల్లల పడకగదులలో రెండు. మిగిలిన అయిదింటికి చెక్క చట్రాలు బాగానే ఉన్నాయి, బయట తగిలించే రెండవ అద్దాలు కూడా ఉన్నాయి. వాటి సందులకు రబ్బరు వేసి, పగిలిన ఒక అద్దం మార్చితే సరిపోయింది. దక్షిణానికి మూడు అద్దాల ఫైబర్‌గ్లాసు కిటికీలు, యు-ఫ్యాక్టర్ 0.21, ఎండ 0.38. పడమరదానికి ఎండ 0.22. పిల్లల గదుల్లో తెరవడానికి వీలులేని ఒకే పెద్ద అద్దం పెడదామని బావ అనుకున్నాడు గాని, అగ్ని ప్రమాదంలో తప్పించుకోవడానికి పడకగది కిటికీ తెరుచుకోవాలని అక్కడి నిబంధన. అది మంచి నిబంధనే. కిటికీలకు 11,400 డాలర్లు, అటకకు 2,300. అప్పట్లో పన్నులో 600 డాలర్ల దాకా మినహాయింపు కూడా ఉండేది, 2025 డిసెంబరు 31తో అది ఆగిపోయింది.

ఆర్డరు పెట్టే ముందు రోజు రాత్రి అమ్మ నా పక్కన కూర్చుని, "కిటికీలు మారుస్తున్నారంటే నేనిక ఊరికి పోనని అర్థమా?" అని అడిగింది. నేను రోగుల దగ్గర, చావు ఇళ్లలో మాట్లాడడం నేర్చుకున్నవాడిని. ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర మాట లేదు. చెల్లెలే వంటగదిలో నుంచి వచ్చి, "లేదమ్మా, ఆరే మారుస్తున్నాం. మిగిలింది నాన్న ఇంటి పైకప్పుకు పంపుతున్నాం. అక్కడ వాన కారదు, ఇక్కడ మంచు కట్టదు. నీకెక్కడ ఉండాలనిపిస్తే అక్కడ ఉండు" అన్నది. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తరువాత, దూలాలకు తాటి దూలమే వేయించు, అని నాకు చెప్పింది.

నేను ఆగస్టు చివర వచ్చేశాను. అక్టోబరులో కిటికీలు బిగించారు. పాతవి ఊడదీస్తే రెండు చోట్ల గోడలోపలి చెక్క కూడా కుళ్లి ఉన్నది, దానికి ఇంకొక 600 డాలర్లు. చట్రానికీ గోడకూ మధ్య సందులో నురుగు నింపారో లేదో, వాన నీరు దిగకుండా కింద పట్టీ వేశారో లేదో దగ్గరుండి చూడమని పరీక్షకుడు చెప్పి ఉన్నాడు. బావ సెలవు పెట్టి నిలబడి చూశాడు. ఒక కిటికీకి పట్టీ మరిచిపోతే అడిగి వేయించాడు.

ఆ తరువాత జరిగింది చూడండి. 2023-24 చలికాలం మిన్నెసోటాలో నమోదైనవాటన్నిటిలోకీ వెచ్చని చలికాలమైపోయింది! గ్యాసు బిల్లు తగ్గిందని బావ సంబరపడితే, అది కిటికీల మహిమో ఎండ మహిమో ఎవరు చెప్పగలరు అని నేను అన్నాను. అసలు పరీక్ష 2025 జనవరిలో వచ్చింది. ఇంటి బయట పెట్టిన ఉష్ణమాపకం సున్నాకు దిగువన 25 చూపిన ఉదయం నేనే ఫోను చేశాను. అద్దం అడుగు అంచున మాత్రం వేలెడు మేర తడి పట్టిందట, చెల్లెలు గుడ్డతో తుడిచింది. చీరలు ఇప్పుడు అక్కడ ఆరేయడం లేదు. వంట చేసేటప్పుడు ఆవిరి లాగే ఫ్యాను వేస్తున్నారు. దగ్గు లేదు.

"ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగాను.

"ఎండ మంచం మీదికి వచ్చిందిరా. కాళ్లు చాపుకుని కూర్చున్నాను. ఎదురింటి తాత మంచు తవ్వుతున్నాడు, పొద్దున్నుంచి మూడుసార్లు తవ్వాడు పాపం. చెయ్యి ఊపితే ఆయన కూడా ఊపాడు" అన్నది. ఇంకా, "ఊళ్లో పైకప్పు మీద కోతులు పెంకులు లేపుతున్నాయేమో, ఒకసారి వెళ్లి చూసి రా" అని చెప్పి ఫోను పెట్టేసింది.